సర్వేలకు చెప్పే మన మాట ఎవరి పేరు బాగు చేస్తోంది?

పంట చేతికొచ్చే రోజుల్లో ఊళ్లలోకి కొత్త ముఖాలు వస్తున్నాయి. చేతిలో ట్యాబ్, మెడలో కార్డు. "సర్వే అండీ, పది నిమిషాలు చాలు" అంటారు. ఏ విత్తనం వేశారు, ఏ మందు కొట్టారు, ఎకరానికి ఎంత వచ్చింది అని మొదలుపెడతారు. మెల్లగా ప్రశ్నలు మారతాయి. "ఫలానా కంపెనీ పేరు వింటే మీకేమనిపిస్తుంది? రైతు మేలు కోరే కంపెనీ అంటే ఒప్పుకుంటారా? పూర్తిగానా, కొంతవరకా?" అని అడుగుతారు. చివర్లో ఫోన్ నంబరు రాసుకుని, ఒక టోపీయో సంచియో చేతిలో పెట్టి వెళ్లిపోతారు. మనం చెప్పిన జవాబులు ఎక్కడికి పోయాయో, వాటితో ఏం చేశారో మనకు తెలియదు.

ఇలాంటి సర్వేలకు జవాబు చెప్పాలా వద్దా అని సభ్యులు అడుగుతున్నారు. అవును, కాదు అని ఒక్క ముక్కలో తేల్చే విషయం కాదు ఇది. సర్వేలన్నీ ఒకటి కావు. రైతు బాధ తెలుసుకుని సరుకు బాగు చేసుకునే సర్వే ఒకటి. సరుకు అలాగే ఉంచి, రైతు కోపం మాత్రం తగ్గించే మాటలు వెతికే సర్వే ఇంకొకటి. మొదటిది మనకు అవసరం. రెండోదానికి మన నోటి మాటే ముడిసరుకు. ఈ రెండింటి తేడా కనిపెట్టడం ప్రతి రైతూ నేర్చుకోవాలన్నదే ఈ నెల మా మాట.

పేరు బాగు చేసే పని ఎలా జరుగుతుంది

ఒక కంపెనీ సరుకు మీద ఫిర్యాదులు వచ్చాయి. పేపర్లలో పడింది. అమ్మకం తగ్గుతుందని భయం పట్టుకుంది. అప్పుడు ఒక సర్వే సంస్థకు డబ్బిచ్చి పని అప్పజెబుతుంది. ఆ పనిలో నాలుగు మెట్లున్నాయి.

మొదటి మెట్టు, ఇప్పుడు జనం మనసులో తన పేరు ఎలా ఉందో కొలవడం. ఎంతమంది నమ్ముతున్నారు, ఎంతమంది కోపంగా ఉన్నారు, ఎంతమంది ఎటూ తేల్చుకోలేదు అని లెక్క తీస్తారు. రెండో మెట్టు, జనాన్ని గుంపులుగా విడగొట్టడం. వయసు, చదువు, భూమి, ఆడ, మగ ఇలా విడదీసి, ఎవరి మనసు తేలిగ్గా మారుతుందో చూస్తారు. గట్టిగా వ్యతిరేకించేవాళ్ల జోలికి పోరు. అటూ ఇటూ ఊగుతున్నవాళ్లే వాళ్లకు కావాలి. మూడో మెట్టు, మాటల పరీక్ష. పది రకాల వాక్యాలు వినిపించి ఏ వాక్యానికి కోపం తగ్గిందో చూస్తారు. "మా విత్తనంతో దిగుబడి ఎక్కువ" అంటే నమ్మకపోవచ్చు. "పెరిగే జనాభాకు తిండి పెట్టేది మీరే, మీ వెనక మేమున్నాం" అంటే మనసు కరగొచ్చు. కరిగిన వాక్యమే రేపు గోడ మీద, టీవీలో, పేపర్లో కనిపిస్తుంది. నాలుగో మెట్టు, ప్రకటనలు వేశాక మళ్లీ సర్వే చేసి పేరు ఎంత బాగుపడిందో కొలవడం.

ఈ నాలుగు మెట్లలో ఎక్కడా విత్తనం మారలేదు, మందు మారలేదు, ధర తగ్గలేదు. మారింది మాట ఒక్కటే. దాన్ని మార్చడానికి కావలసిన సమాచారం మనమే ఉచితంగా ఇచ్చాం.

బ్రిటన్ జనం చెప్పిన పాఠం

ఇది ఊహించి రాస్తున్నది కాదు. బాగా బయటపడ్డ ఉదాహరణ ఒకటి ఉంది. 1998లో మోన్‌శాంటో కంపెనీ జన్యుమార్పిడి ఆహారం మీద బ్రిటన్‌లో పెద్ద ప్రచారం మొదలుపెట్టింది. ఆ ఏడాది జూన్ నుంచి పేపర్లలో పెద్ద పెద్ద ప్రకటనలు ఇచ్చింది. మా మాటా వినండి, మమ్మల్ని వ్యతిరేకించేవాళ్ల మాటా వినండి అని ఎంతో పెద్దమనిషి తరహాలో రాయించింది. ప్రచారం ఎలా నడుస్తోందో కొలవడానికి అమెరికా సర్వే నిపుణుడు స్టాన్ గ్రీన్‌బర్గ్‌ను పెట్టుకుంది. అమెరికా అధ్యక్షుడు క్లింటన్‌కు ఎన్నికల సర్వేలు చేసినవాడాయన.

ఆ సర్వే నివేదిక కంపెనీ లోపల ఉండాల్సిన కాగితం. అది గ్రీన్‌పీస్ చేతికి చిక్కి 1998 నవంబరులో బయటపడింది. జనంలో జన్యుమార్పిడి ఆహారానికి మద్దతు కూలిపోతోందని అందులో ఉంది. ప్రకటనలు వేసే కొద్దీ వ్యతిరేకత తగ్గకపోగా పెరిగింది. అయితే ఎంపీల్లో, పెద్ద అధికారుల్లో మాత్రం పరిస్థితి కొంత మెరుగ్గా ఉందని అదే నివేదిక చెప్పింది. ఈ ముక్కను రైతులు బాగా గుర్తుపెట్టుకోవాలి. కొనేవాళ్ల మనసు, తినేవాళ్ల మనసు గెలవలేకపోయినా, చట్టాలు చేసేవాళ్ల మనసు గెలిస్తే చాలునన్న లెక్క కూడా ఇలాంటి సర్వేల్లో ఉంటుంది.

తర్వాత ఏమైంది? 1999లో బ్రిటన్ ప్రకటనల ప్రమాణాల సంస్థ ఆ ప్రకటనల మీద వచ్చిన ఫిర్యాదుల్లో కొన్నింటిని సమర్థించింది. పెద్ద సూపర్‌మార్కెట్లు తమ సొంత పేరుతో అమ్మే సరుకుల్లోంచి జన్యుమార్పిడి పదార్థాలు తీసేస్తామని ప్రకటించాయి. ఆ ఏడాది అక్టోబరులో కంపెనీ అధిపతి రాబర్ట్ షపీరో, తాము ఒప్పించినవాళ్ల కన్నా చికాకు పెట్టినవాళ్లే ఎక్కువని గ్రీన్‌పీస్ సమావేశంలోనే ఒప్పుకోవాల్సి వచ్చింది. రెండో తరం మొలకెత్తని టెర్మినేటర్ విత్తనాన్ని మార్కెట్లోకి తేబోమని కంపెనీ ప్రకటించింది కూడా ఆ నెలలోనే.

ఇక్కడ సర్వే అబద్ధం చెప్పలేదు. జనం ఏమనుకుంటున్నారో ఉన్నదున్నట్టు చెప్పింది. తప్పు దాన్ని చదివిన తీరులో ఉంది. జనం "మాకు ఈ సరుకు వద్దు, కనీసం ఏది ఏదో లేబుల్ మీద రాయండి" అన్నారు. కంపెనీకి మాత్రం "మన ప్రకటన సరిగా లేదు" అని వినిపించింది. నొప్పి ఒకచోట, మందు ఒకచోట అన్నట్టయింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఎన్ని ప్రకటనలు వేసినా ఆ పేరు బాగుపడలేదు. 2018లో బేయర్ కంపెనీ దాన్ని కొనేసి, మోన్‌శాంటో అనే పేరునే పక్కన పెట్టేసింది. సరుకులు ఉన్నాయి, కంపెనీ ఆస్తులు ఉన్నాయి, పేరు మాత్రం లేదు. పేరు బాగు చేసుకోవడానికి అన్నేళ్లు తంటాలు పడి చివరికి పేరే తీసేసుకోవాల్సి వచ్చింది.

ఎవరి మనసు మెత్తగా ఉందో వెతికే సర్వే

బ్రిటన్‌లో సర్వే కంపెనీకి కలిసి రాలేదు. కలిసొచ్చేలా వాడాలని చూసిన ఉదాహరణ అమెరికాలో ఉంది. 1991లో అక్కడి బొగ్గు, కరెంటు కంపెనీలు కలిసి పర్యావరణ సమాచార మండలి అన్నట్టుగా ఒక సంస్థను పెట్టాయి. పేరు వింటే ప్రజాసేవ సంస్థలా ఉంటుంది. దాని పని మాత్రం వేరు. భూమి వేడెక్కుతోందన్నది రుజువైన నిజం కాదు, ఒక ఊహ మాత్రమే అని జనం అనుకునేలా చేయాలని దాని కాగితాల్లోనే రాసుకున్నారు.

ముందు సర్వే చేయించారు. ఏ వర్గం జనం ఈ మాట తేలిగ్గా నమ్ముతారో తేల్చారు. పెద్దగా చదువుకోని, వయసు మీరిన, పెద్ద కుటుంబాలున్న మగవాళ్లు ఒక గుంపు. తక్కువ ఆదాయమున్న చిన్న వయసు ఆడవాళ్లు ఇంకో గుంపు. ఆ తర్వాత కొన్ని పట్టణాలను ఎంచుకుని అక్కడ రేడియోలో, పేపర్లలో ప్రకటనలు వేసి పరీక్షించారు. భూమి వేడెక్కుతుంటే మరి ఫలానా ఊళ్లో చలి ఎందుకు పెరిగిందన్న తరహా ప్రకటనలవి. ఆ కాగితాలు పత్రికల చేతికి చిక్కాక ఆ ప్రయత్నం ఆగిపోయింది.

బొగ్గు కంపెనీల కథ మనకెందుకని అనుకోవద్దు. వానలు అదను తప్పితే ముందు ఎండేది మన చేలే. అంతకన్నా ముఖ్యం, వాళ్లు ఎంచుకున్న మనుషులను చూడండి. తక్కువ చదువు, తక్కువ ఆదాయం. మన ఊళ్లో ఇంటింటికీ తిరిగే సర్వేలో ఎంత చదువుకున్నారు, ఎంత భూమి ఉంది, టీవీ చూస్తారా, ఫోన్లో వీడియోలు చూస్తారా అని ఎందుకు అడుగుతారో ఇప్పుడు అర్థమవుతుంది.

మన పత్తి చేల లెక్క

ఇక మన దగ్గరికి వద్దాం. 2002 మార్చిలో బీటీ పత్తికి కేంద్రంలోని జన్యు ఇంజనీరింగ్ ఆమోద కమిటీ అనుమతి ఇచ్చింది. మెక్-12, మెక్-162, మెక్-184 అనే మూడు రకాలు వచ్చాయి. ఆ ఏడాది వరంగల్ ప్రాంతంలో వేసిన రైతులు చాలామంది నష్టపోయామని రోడ్డెక్కారు. 2003 పంట తర్వాత, 2004లో ఒక పెద్ద మార్కెట్ సర్వే సంస్థ చేసిన సర్వేను కంపెనీ బయటపెట్టింది. ఐదు రాష్ట్రాల్లో 3,063 మంది రైతులను అడిగామని చెప్పారు. దిగుబడి 29 శాతం పెరిగిందని, పురుగుమందు 60 శాతం తగ్గిందని, నికర లాభం 78 శాతం పెరిగిందని ప్రకటించారు. ఆ లెక్కలో మన రాష్ట్రం కూడా ఉంది.

ఆ రోజుల్లోనే వ్యవసాయ శాఖలో జాయింట్ డైరెక్టరుగా పనిచేసి రిటైరైన అబ్దుల్ ఖయ్యూం, కిరణ్ సక్కరి అనే మరో శాస్త్రవేత్త కలిసి మన జిల్లాల్లో తిరిగారు. ఒక్కసారి వచ్చి గుర్తున్నది చెప్పమని అడగలేదు. సీజన్ పొడవునా మళ్లీ మళ్లీ చేల దగ్గరికి వెళ్లి విత్తనం ఖర్చు, మందు ఖర్చు, ఏరిన పత్తి, అమ్మిన ధర రాసుకున్నారు. వాళ్ల లెక్కలో కంపెనీ చెప్పిన లాభం కనిపించలేదు. చివరికి 2005 మేలో ఆ ఆమోద కమిటీయే ఆ మూడు రకాలను ఆంధ్రప్రదేశ్‌లో అమ్మడానికి అనుమతి పొడిగించలేదు. సర్వేలో 78 శాతం లాభం తెచ్చిందన్న విత్తనానికి ఏడాది తిరిగేసరికి మన రాష్ట్రంలో తలుపు మూసుకుంది.

రెండు లెక్కల్లో అంత తేడా ఎలా వస్తుంది? రైతుకు తెలియని విద్య కాదిది. ఎవరిని అడిగారు అన్నది మొదటి ప్రశ్న. డీలరు ఇచ్చిన జాబితా పట్టుకుని, నీళ్లున్న నల్లరేగడి రైతును, కంపెనీ మీటింగుకు వచ్చే రైతును అడిగితే ఒక లెక్క వస్తుంది. చెలక భూమిలో వాన మీద ఆధారపడ్డ కౌలు రైతును అడిగితే ఇంకో లెక్క వస్తుంది. ఎప్పుడు అడిగారు అన్నది రెండోది. మొదటి ఏరులో పొలం తెల్లగా ఉన్నప్పుడు అడిగితే రైతు నవ్వుతూ చెబుతాడు. షాపులో అరువు తీర్చి వచ్చాక అడిగితే ఆ ముఖం వేరు. దేనితో పోల్చారు అన్నది మూడోది. నీళ్లు పారే చేను బీటీ, వానాధారపు చేను మామూలు రకం అయితే, గెలిచింది విత్తనమా, నీళ్లా? ఎవరు డబ్బిచ్చారు అన్నది నాలుగోది. ఈ నాలుగూ చెప్పకుండా శాతాలు మాత్రమే చెబితే, అది తూకం లేని తక్కెడ.

సర్వే లెక్కలు కంపెనీ ప్రచారంలోకి ఎలా ఎక్కుతాయో 2012లో పి. సాయినాథ్ రాసిన కథనంలో చూశాం. మహారాష్ట్రలోని యవత్‌మాల్ జిల్లాలో రెండు ఊళ్లు బీటీ పత్తితో బంగారం పండించాయని, అక్కడ ఆత్మహత్యలే లేవని ఒక పెద్ద ఆంగ్ల దినపత్రికలో 2008లో వార్తగా వచ్చింది. అదే కథనం 2011 ఆగస్టులో మళ్లీ అచ్చయింది, ఈసారి ప్రచార పేజీగా. 2012 మార్చిలో పార్లమెంటు స్థాయీ సంఘం వాళ్లు అందులో ఒక ఊరైన భాంబ్‌రాజాకు వెళితే, మా ఊళ్లో 14 ఆత్మహత్యలు జరిగాయని జనం చుట్టుముట్టి చెప్పారు. పేపర్లో ఆ ఊరి పేరు వాడుకున్నారు. ఆ ఊరి మాట మాత్రం వినలేదు.

ఇంకొక విషయం. 2006 దాకా బీటీ విత్తనం 450 గ్రాముల ప్యాకెట్ 1,600 రూపాయలకు పైన అమ్మింది. అందులో 1,250 రూపాయలు రాయల్టీ. రైతులు మొత్తుకున్నారు, రైతు సంఘాలు కొట్లాడాయి. రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌కు వెళ్లింది. ఆ తర్వాత ధర 750 రూపాయలకు దిగింది. రైతుకు విత్తనం ధర ఎక్కువైందని తెలుసుకోవడానికి ఏ సర్వే కావాలి? ఆ సంగతి కంపెనీకి తెలియక కాదు. తెలిసినా తగ్గించలేదు. తగ్గించింది మన పోరాటం.

ఎదురు వాదన కూడా విందాం

"రైతుకు ఇష్టం లేకపోతే దేశంలో పత్తి నేలంతా బీటీ ఎందుకైంది? అదే అసలైన సర్వే" అని కొందరంటారు. ఈ వాదనను తోసిపారేయకూడదు. తొలి ఏళ్లలో కాయతొలుచు పురుగుకు మందు కొట్టే బాధ తగ్గిందని మన సభ్యులే చాలామంది చెప్పారు. అది నిజం. మేము దాచం. కానీ కొన్నేళ్లకు షాపులో బీటీ కాని మంచి పత్తి విత్తనం దొరకకుండా పోయింది. ఒకటే సరుకున్న అంగట్లో కొన్నదాన్ని ఇష్టపడి ఎంచుకున్నారనడం న్యాయం కాదు. గులాబీ రంగు పురుగు బీటీని తట్టుకుని మళ్లీ వచ్చింది. గుజరాత్‌లో మొదటి తరం బీటీకి ఆ పురుగు లొంగడం లేదని 2010లో కంపెనీయే చెప్పింది. తర్వాతి ఏళ్లలో రెండో తరం బీటీకి కూడా లొంగక, మన తెలుగు జిల్లాల్లోనూ కాయలు తొలిచేసింది. రైతు ఒక ఏడాది చెప్పిన "బాగుంది" అన్న మాటను పదేళ్ల సర్టిఫికెట్‌గా వాడుకోవడం తప్పు. ఆ ఏడాదికి అది నిజం. ఈ ఏడాది మాట ఈ ఏడాదే అడగాలి.

సర్వే చేసేవాళ్లంతా మోసగాళ్లని కూడా మేము అనడం లేదు. ఊళ్లో తిరిగే ఆ కుర్రాళ్లు కూడా మన బిడ్డలే. రోజుకు ఇన్ని ఫారాలు నింపితే ఇంత అని కూలికి పనిచేసేవాళ్లు. వాళ్ల మీద కోపం తెచ్చుకోవద్దు. వాళ్లను పంపినవాళ్లను అడగాలి.

మనకు మేలు చేసిన అడగడాలు

అడగడంలోనే చెడు లేదని చెప్పడానికి మూడు ఉదాహరణలు చూద్దాం.

కేంద్ర గణాంక శాఖ 2019లో జాతీయ నమూనా సర్వే 77వ విడత కింద రైతు కుటుంబాల పరిస్థితిని లెక్కించింది. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 93 రైతు కుటుంబాలు, తెలంగాణలో నూటికి దాదాపు 92 రైతు కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయని అందులో తేలింది. దేశం మొత్తం మీద ఇది నూటికి 50. ఒక్కో కుటుంబం సగటు అప్పు ఆంధ్రలో 2 లక్షల 45 వేలు, తెలంగాణలో లక్షా 52 వేలు, దేశంలో 74 వేలు. ఈ లెక్కను సంఘాలు ధర్నాల్లో వాడుకున్నాయి, ఎంపీలు సభలో ప్రస్తావించారు. ఎందుకంటే ఆ సర్వే ఫారం అందరికీ దొరుకుతుంది, ఎలా చేశారో రాసి ఉంటుంది, ఫలితం అందరిదీ. ప్రభుత్వానికి చేదైనా బయటికి వచ్చింది.

రెండోది ప్రజాతీర్పు. 2001 జూన్ చివర్లో మెదక్ జిల్లా జహీరాబాద్ దగ్గర అల్గోల్ గ్రామంలో జరిగింది. రాష్ట్ర ప్రభుత్వం విజన్ 2020 పేరుతో వ్యవసాయం మీద ఆధారపడ్డవాళ్లను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించాలని రాసుకున్న కాలమది. చిన్న, సన్నకారు రైతులు, ఎక్కువ మంది ఆడవాళ్లు, దళితులు న్యాయమూర్తుల్లా కూర్చున్నారు. ప్రభుత్వం వైపువాళ్లు, శాస్త్రవేత్తలు, కంపెనీ వైపువాళ్లు వచ్చి సాక్ష్యం చెప్పారు. రైతులు వాళ్లను ఎదురు ప్రశ్నలు వేశారు. రోజుల తరబడి విని, తమలో తాము చర్చించుకుని, అప్పుడు తీర్పు చెప్పారు. మనుషులను పొలం నుంచి వెళ్లగొట్టే యంత్రాలు వద్దన్నారు, జన్యుమార్పిడి పంటలు వద్దన్నారు, మా విత్తనం, మా నేల, మా తెలివి మా చేతిలో ఉండాలన్నారు. దీని మీద కూడా విమర్శలు వచ్చాయి, నిర్వాహకులు ఒక పక్షం వాళ్లేనని కొందరన్నారు. ఆ విమర్శ ఎలా చేయగలిగారు? ఎవరు కూర్చున్నారు, ఎవరు సాక్ష్యం చెప్పారు, ఏం అడిగారు అన్నదంతా బయటపెట్టారు కనుకే. కంపెనీ లోపలి సర్వేను విమర్శించడానికి కూడా మనకు దారి లేదు.

మూడోది బీటీ వంకాయ. 2010 జనవరి, ఫిబ్రవరి నెలల్లో అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ మన హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లో బహిరంగ విచారణ పెట్టారు. దాదాపు 8,000 మంది పాల్గొన్నారు. రైతు, శాస్త్రవేత్త, వైద్యుడు, కంపెనీ మనిషి, వినియోగదారు అందరూ ఒకే హాల్లో లేచి మాట్లాడారు. ఫిబ్రవరి 9న మంత్రి బీటీ వంకాయను నిలిపివేశారు. ఆ హాల్లో ఎవరూ "పూర్తిగా ఒప్పుకుంటారా, కొంత ఒప్పుకుంటారా" అన్న నాలుగు గడుల్లో మనల్ని ఇరికించలేదు. మన మాట మన నోటితో, మన పేరుతో చెప్పాం. గది నిండా జనం విన్నారు.

ఈ మూడింట్లో ఉన్నది, కంపెనీ సర్వేలో లేనిది ఒకటే. అడిగినవాళ్లు జవాబుదారీగా ఉన్నారు.

మనం చేయాల్సింది

సర్వేకు వచ్చినవాళ్లను తరిమేయమని మేము చెప్పం. కూర్చోబెట్టండి, మంచినీళ్లివ్వండి. జవాబు చెప్పే ముందు మన ప్రశ్నలు వేయండి.

ఈ సర్వేకు డబ్బిస్తున్నది ఎవరు? సర్వే సంస్థ పేరు కాదు, వెనకున్న కంపెనీ పేరు చెప్పాలి. చెప్పడానికి లేదంటే జవాబు చెప్పడానికీ లేదనండి.

నా పేరు ఎవరిచ్చారు? డీలరు జాబితాలోంచి వచ్చిందా, ఊరంతా అడుగుతున్నారా?

ప్రశ్నల కాగితం ఒక కాపీ ఇస్తారా? ఫలితం వచ్చాక మా గ్రామపంచాయతీకి గానీ సంఘానికి గానీ పంపుతారా?

నేను చెప్పేది ప్రకటనలో వాడతారా? నా ఫొటో, నా వీడియో తీస్తే ఎక్కడ వేస్తారు? రాతపూర్వకంగా అడగనిదే ఫొటోకు ఒప్పుకోవద్దు. ఏరు రోజున తీసిన నవ్వు ముఖం, నష్టపోయిన రోజున కూడా గోడ మీద నవ్వుతూనే ఉంటుంది.

ఆధార్ నంబరు, పాస్‌బుక్కు, బ్యాంకు ఖాతా వివరాలు ఎందుకు? ఒక అభిప్రాయ సర్వేకు ఇవేవీ అక్కర్లేదు. ఇవ్వకండి. ఓటీపీ అడిగితే అక్కడితో ఆపేయండి.

ఇచ్చిన గడుల్లో మీ జవాబు లేకపోతే ఏదో ఒకటి ఎంచుకోవద్దు. "నా జవాబు ఇందులో లేదు, ఇలా రాసుకో" అని చెప్పండి. "ఈ మందు బాగా పనిచేసిందా, చాలా బాగా పనిచేసిందా" అని అడిగితే "పని చేయలేదు" అనే మూడో జవాబు మీ దగ్గర ఉందని గుర్తుపెట్టుకోండి. మర్యాదకు పోయి మొహమాటంతో "బాగానే ఉందిలే బాబూ" అన్న మాటే రేపు నూటికి 78 అవుతుంది.

కౌలు రైతులకు, ఇంట్లో ఆడవాళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాం. సర్వే వచ్చినప్పుడు పట్టా ఉన్న మగవాణ్ని పిలిచి మాట్లాడతారు. పత్తి ఏరేదీ, కలుపు తీసేదీ, మందు కొట్టిన చేలో నడిచేదీ ఆడవాళ్లు. దురద వచ్చినా, తల తిరిగినా మొదట తెలిసేది వాళ్లకు. మమ్మల్ని కూడా అడగండని ముందుకు రండి.

గ్రామ కమిటీలు ఒక పని చేయాలి. ఈ వానాకాలం నుంచి మన సర్వే మనమే చేసుకుందాం. ఒక నోటు పుస్తకం చాలు. ఊళ్లో ఏ విత్తనం ఎంతమంది వేశారు, లాట్ నంబరు ఏంటి, ఎంత మొలిచింది, ఎన్ని మందులు కొట్టారు, ఖర్చెంత, వచ్చిందెంత, ఏ ధరకు అమ్మారు. నీళ్లున్న చేను, వానాధారపు చేను వేరు వేరుగా రాయండి. కౌలు ఎంతో రాయండి. బిల్లులు, ఖాళీ ప్యాకెట్లు దాచండి. నష్టం వచ్చినప్పుడు వినియోగదారుల కమిషన్‌లోనైనా, కలెక్టరు దగ్గరైనా నిలబడేది కంపెనీ ప్రకటన కాదు, మన బిల్లు, మన పుస్తకం. కంపెనీ సర్వే శాతం చూపిస్తే మనం పుస్తకం చూపిద్దాం.

ప్రభుత్వాన్ని మేము అడుగుతున్నది స్పష్టం. రైతుల సర్వే పేరు చెప్పి విత్తనానికో పురుగుమందుకో ప్రకటన ఇచ్చే కంపెనీ, ఆ సర్వేకు డబ్బెవరిచ్చారో, ఎంతమందిని, ఎక్కడ, ఏ నెలలో అడిగారో, ఏ ప్రశ్నలు అడిగారో అదే ప్రకటన పక్కన తెలుగులో వేయాలి. వేయలేని సర్వేను ప్రకటనలో వాడనివ్వకూడదు. కొత్త విత్తనానికి అనుమతి ఇచ్చే ముందు కంపెనీ సర్వేను కాదు, జిల్లాల్లో బహిరంగ విచారణను ఆధారం చేసుకోవాలి.

కంపెనీలకు కూడా ఒక మాట. మీకు మంచి పేరు కావాలనుకోవడంలో తప్పు లేదు. ఊళ్లో ప్రతి మనిషికీ పేరు కావాలి. కానీ ఊళ్లో పేరు ఎలా వస్తుందో మాకు తెలుసు. విత్తనం మొలకెత్తకపోతే డబ్బు తిరిగివ్వండి. పంట పోతే డీలరు మీదికి నెట్టకుండా మీ మనిషి చేలోకి రావాలి. డబ్బా మీద ఏ పురుగుకో, ఎంత మోతాదో, విషం ఎక్కితే ఏం చేయాలో పెద్ద అక్షరాల తెలుగులో రాయండి. పురుగు మీ విత్తనాన్ని తట్టుకుంటోందని తెలిసిన రోజే చెప్పండి, అమ్మకాలు అయ్యాక కాదు. ఇవన్నీ చేసి చూడండి. అప్పుడు మీ పేరు గురించి ఏ సర్వే సంస్థకూ డబ్బివ్వక్కర్లేదు. రచ్చబండ దగ్గర కూర్చున్న ఏ రైతునడిగినా చెబుతాడు, ఉచితంగానే.